బెంగళూరులో కండె అయిపోయింది

నాలుగు మరమగ్గం సాంచలను ఒంటిచేత్తో నడిపే మా బాపుకు, బెంగళూరు నుంచి కొడుకు శ్రీకాంత్ వంగి దండం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, నన్ను కన్న అవ్వ, అక్క, అక్క కంటే ఎక్కువ గారాబం పొందుతున్న మన మేక, అందరూ బాగున్నారని నమ్ముతున్నాను. ఫోను ఉండగా కాగితమెందుకని అవ్వ నవ్వుతుంది. నవ్వనీ. కారణముంది, చెప్తాను.

ఉద్యోగం బాగుంది. పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చుని, కోపంగా ఉన్న కస్టమర్లకు వినయంగా జవాబులు రాస్తాను. ఇంట్లో చూపించని వినయమంతా ఇక్కడ నెల జీతానికి అమ్ముతున్నాను. ఊరు చల్లన. సాంబారులో బెల్లం వేస్తారు, క్షమించేశాను. మామిడికాయ తొక్కు అయిపోవచ్చింది, ఎవరన్నా ఇటు వస్తే ఒక డబ్బా పంపించండి. ఆదివారాలే జర కష్టం. గదిలో అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. అయినా బాగున్నాను, ఫికర్ చేయకండి.

అట్లాంటి ఒక ఆదివారం సాయంత్రం, నాతో పనిచేసే నవీన్ నన్నొక కచేరీకి తీసుకుపోయాడు. వాడిది మన మెట్‌పల్లే. ముందు ఒకాయన శాక్సోఫోన్ ఊదాడు. మన పెండ్లి బ్యాండులో ఊదేదే, కానీ ఎవరి పెండ్లో ఆయనకే తెలియనట్టు ఊదాడు. జాజ్ అట, అందులోనూ ప్రయోగమట. తర్వాత ఒకమ్మాయి తన వంటింటి మీద కవిత చెప్పింది. చదవలేదు, పాడలేదు, నల్లా దగ్గర నీళ్లకు కొట్లాడినట్టు చెప్పింది. అక్కను తెచ్చి నిలబెడితే మొదటి బహుమతి మనదే.

"ఇది మంచిగున్నదా, లేదారా?" అని నవీన్‌ను అడిగాను.

"నాకేం ఎర్క? అందరు చప్పట్లు కొడితే మనం గూడ కొట్టుడే," అన్నాడు.

చివర మీనా అనే ఆమె వచ్చింది. ఊళ్లు తిరిగి చప్పుళ్లు రికార్డు చేసి వినిపించడం ఆమె కళ. దీపాలు ఆర్పేశారు. హాలు నాలుగు మూలల నుంచీ సాంచలు మొదలయ్యాయి. బాపూ, చిన్నప్పుడు కార్ఖానాలో బట్టతానుల మీద పడుకున్నప్పుడు వచ్చే నిద్ర వచ్చింది. కండ్లు మూసుకున్నాను. అంతలో ఒక సాంచ దెబ్బ తేలికైంది. అటూ ఇటూ ఉరికే నాడెలో నూలు కండె ఖాళీ అయితే ఎట్లా మోగుతుందో నీకు నేను చెప్పాలా? ఎగిరి లేచి అరిచాను.

"కండె అయిపోయింది! ఆపుండ్రి, బట్ట ఖరాబైతది!"

హాలంతా చప్పట్లు. నేను కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. నవీన్ కూడా కొట్టాడు, ద్రోహి.

అయిపోయాక మీనా నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమెది హైదరాబాదట. "నిజంగనే కండె అయిపోయిందా? రికార్డ్ చేసిన నాకే తెల్వలే!"

"మా బాపు ముప్పై ఏండ్ల సంది సాంచలు నడుపుతుండు అక్కా. గా చప్పుడు నడుమనే పెరిగిన."

ఆమె నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టింది. అందులో ఎవరో ఆడమనిషి మాట్లాడుతోంది, నీళ్ల అడుగునుంచి మాట్లాడినట్టు. ఒక్క మాటా తెలియలేదు.

"మిషిన్ ఖరాబైనట్టుంది," అన్నాను.

"ఖరాబ్ కాలే తమ్మీ. అన్నేండ్లు సాంచల నడుమ నిలబడ్డోళ్లకు ఇంట్ల మాటలు గిట్లనే ఇనబడ్తయట. డాక్టర్‌ను అడిగి చేసిన."

ఇంకోసారి పెట్టమని అడిగి విన్నాను.

బాపూ, ఊరి నుంచి వచ్చేనాడు బస్సు కిటికీలోంచి "పోయొస్త బాపూ" అని రెండుసార్లు అన్నాను. నువ్వు తిరిగి చూడకుండా వెళ్లిపోయావు. సాంచల పని వద్దన్నానని కోపమనుకున్నాను. ఆ అలకతోనే, నువ్వు ఫోను ఎత్తితే అవ్వకు ఇమ్మనేవాణ్ణి. మొన్న నాకు జ్వరం వచ్చిందని చెప్తే "ఆఁ, మంచిది" అన్నావు. ఆ రోజంతా ఏడ్చినంత పని చేశాను. నీకు వినపడలేదు. వినపడడం లేదని అవ్వకు కూడా చెప్పలేదు కదూ? హాలులో సాంచ చప్పుడు పట్టిన నాకు, నీ చెవి సంగతి పట్టలేదు. తప్పు నాదే. అందుకే కాగితం రాశాను.

వచ్చే శనివారం వస్తున్నాను. సోమవారం పనికి నాగా పెట్టు, కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. పోయినదాన్ని తెస్తారో లేదో నాకు తెలియదు, ఉన్నదాన్నైనా కాపాడుకుందాం. రానంటే మోసుకుపోతాను, మన వాడకట్టంతా చూస్తుంది.

అవ్వకు దండాలు, అక్కకు నా తరఫున ఒక మొట్టికాయ. నన్ను దీవించు. ఏ చెవి జర నయంగా ఉందో ఇప్పటినుంచే చూసి పెట్టుకో. కరీంనగర్ బస్సులో ఆ పక్కనే కూర్చుంటాను.

నీ కొడుకు,
శ్రీకాంత్