అమ్మ లేవని బెంచీ

చిట్టితల్లికి మీ నాన్న ప్రభువు పేరిట దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం కులాసా. నువ్వూ అక్కడ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను.

పని దొరుకుతోందా, సంఘంలో పలకరిస్తున్నారా, అమ్మ రెండు నెలలుగా ఎందుకు రాయడం లేదు అని అడిగావు. పని లేదు. పెద్ద డాక్టరుగారు తాగి కత్తి పట్టడం వల్లే ఆ బాలింత చనిపోయిందని, పక్కనున్న నర్సుగా కళ్లారా చూశానని నువ్వు విచారణలో చెప్పిన మర్నాటి నుంచి, మిషన్ ఆసుపత్రి వాళ్లు ఒక్క తలుపు బాగుచేయడానికీ నన్ను పిలవలేదు. నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆయన మన సంఘపెద్ద కూడానాయె. సంఘంలో సగంమందికి ఆ ఆసుపత్రి జీతమే ఆధారం. "నీ కూతురు మా కడుపు కొట్టింది" అని నా రంపాలకు పదును పెట్టేవాడు కూడా మొహమ్మీదే అనేశాడు.

ఇక పలకరింపులు. రెండు నెలల కిందటి ఆదివారం, ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, "ఆ అమ్మాయిది అబద్ధసాక్ష్యమని ఒప్పుకునేవాళ్లు లేచి నిలబడండి" అన్నారు. ఆ బెంచీలన్నీ నా చేతి పనే, ఏది ఎలా కిర్రుమంటుందో నాకు తెలుసు. వరసగా అన్నీ కిర్రుమన్నాయి. నేనూ లేచాను. మన నోట రాకూడని సామెతే గానీ, నలుగురితో నారాయణ అన్నాను. మీ అమ్మ లేవలేదు.

"మోకాళ్ల నొప్పులండీ, మనసులో లేచే ఉంది" అని నవ్వుతూ సర్దిచెప్పాను. పాస్టరుగారు తలూపారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. అంతలో మీ అమ్మ, "నా మోకాళ్లకేం రోగం లేదు. నా కూతురు నిజం చెప్పింది. అందుకే కూర్చున్నా" అంది, చివరి బెంచీదాకా వినపడేలా.

ఇక దాచి లాభం లేదు. జబ్బ పట్టుకుని లేపాను. చెయ్యి జారింది. పడిపోయింది, బెంచీ అంచు తగిలి తుంటి విరిగింది. ఆ అంచు గుండ్రంగా చెయ్యమని ఆనాడే పోరింది మహాతల్లి, నేనే వినలేదు. ఒక్కళ్లూ వచ్చి పట్టుకోలేదు, పాట ఎత్తుకున్నారు. మోసుకుని ఆసుపత్రికి వెళ్తే గేటు దగ్గరే మంచాలు ఖాళీ లేవన్నారు. ఇంట్లోనే పడి ఉంది, ఇక నడవదు. నీకు రాస్తానని కాగితం అడిగితే నేనే ఇవ్వలేదు. మొన్నటి నుంచి నా చేత్తో పెడితే తినడం మానేసింది. "బిడ్డకి ఉన్నదున్నట్టు రాయండి, అప్పుడు తింటా" అంది.

ఇంతవరకూ రాసి చదివి వినిపించాను. "ముందా కులాసా కొట్టెయ్యండి" అంది. కొట్టేశాను. గిన్నె దగ్గరికి జరిపాను. నోరు తెరవలేదు. "చెయ్యి జారిందా?" అని అడిగింది.

జారలేదు తల్లీ. నలభై ఏళ్లు ఉలి పట్టిన చెయ్యి నాది. లేపితే మళ్లీ కూర్చోబోయింది. అందరూ చూస్తున్నారు. ఒళ్లు మండి తోసేశాను.

అదీ చదివాను. చాలాసేపు నా చేతుల వంకే చూసింది. "వచ్చే ఆదివారం మీరు సంఘంలో లేచి ఇదంతా చదువుతారని కూడా రాయండి" అంది.

ఈ ఉత్తరంలో అబద్ధం రాయకూడదు కదా. అందుకని ఆ మాట రాయడం లేదు. గిన్నె చల్లారిపోయింది. నువ్వైనా వచ్చి తినిపించు.

ఇట్లు,
మోకాళ్లు బాగానే ఉన్న
మీ నాన్న