మామిడి మిత్రుల తిట్ల లెక్క

మే 3, ఉదయం 6.10
ఈ రోజు నుంచి పది రోజులు నేను మనిషిని కాను, కాటాని. మా అమ్మాయి తేజస్వి ఎం.ఏ. ప్రాజెక్టు: సోషల్ మీడియాలో జనం పార్టీల పేరుతో ఎంత చీలిపోయారో కొలవాలి. మా ‘మామిడి మిత్రులు’ వాట్సాప్ గ్రూపులో అరవై నాలుగు మందిమి. ఏ పార్టీ వాళ్ళు ఎన్ని తిట్లు తిట్టారో నేను రాయాలి. “నాన్నా, నువ్వు ఒక్క మెసేజ్ పెట్టినా డేటా పాడైపోతుంది, నా మార్కులు పోతాయి” అంది. నూజివీడులో ఇరవై ఏళ్ళుగా కాయల వ్యాపారం చేస్తున్నాను. నాకు లెక్క నేర్పాలా?

సాయంత్రం 6.00
అవతలి పార్టీ 22. మా పార్టీ 0.
మొదలుపెట్టింది రెడ్డిగూడెం చిన్నరాయప్ప గారు. ఆయన తోట కాపు ఏటా కొనేది నేనే. మనిషి బంగారం, ఫోను పట్టుకుంటేనే తేడా. మా వాళ్ళందరికీ నోళ్ళు పడిపోయాయా?

మే 4
7.30 ఓర్చుకున్నాను.
7.45 ఓర్చుకున్నాను.
7.50 శకుంతల ఫోను తీసుకున్నాను. మా ఆవిడా గ్రూపులో ఉంది. నంబరు నాది కాదు కాబట్టి మాట తప్పినట్టు కాదు.
సాయంత్రానికి అవతల 31. మావి 30, తరుగు తీసి 24 రాశాను. పచ్చి కాయ వాడి బరువు తగ్గుతుందని తరుగు తియ్యమూ? మా తిట్లూ పచ్చివే, రేపటికి వాడిపోతాయి.

మే 5
చిన్నరాయప్ప గారి మెసేజ్: “శకుంతలమ్మా, మీరు కూడానా? మొన్ననే మీ చేతి పులిహోర తిన్నాను కదమ్మా.”
మా ఆవిడ చూసేసింది. “ఏవండీ, ఆయన్ని పుచ్చిన టెంక అన్నది నేనా?” అని ఫోను లాక్కుంది. సాయంత్రం టీ లేదు.

మే 6
నా ఫోను నుంచే పెట్టాను. ఒక్కటే, నిజం తెలియజెయ్యడానికి. ఆ తర్వాత ఇంకో నలభై ఆరు. లెక్క రాయడం మర్చిపోయాను.

మే 7
మా ఆవిడ చెప్పేసినట్టుంది, తేజస్వి ఫోన్ చేసింది. “పదమూడో తేదీకి ఇవ్వాలి నాన్నా. నిన్ను నమ్మి ఇంకో గ్రూపు చూసుకోలేదు” అంది. సిగ్గేసింది. నిజంగా చాలా సిగ్గేసింది.
చివరికి తనే దారి చెప్పింది. చిన్నరాయప్ప గారు నా పక్కన కూర్చుంటారు. మా పార్టీ తిట్లు ఆయన రాస్తారు, వాళ్ళ పార్టీవి నేను రాస్తాను. ఇద్దరమూ మెసేజ్ పెట్టకూడదు. ఆయనకీ తనే ఫోన్ చేసి ఒప్పించింది.

మే 8, మళ్ళీ మొదటి రోజు
8.00 ఆయన మా గోడౌనుకి వచ్చారు. ఫోన్లు బల్ల మీద, చేతులు ఒళ్ళో.
10.00 అవతల 0. ఇవతల 0.
1.00 “నెట్ పోయిందేమో చూడండి” అన్నారు. ఉంది. హనుమయ్య గారు గుడ్ మార్నింగ్ పెట్టారు. రాజీవ్ రసాల రేటు అడిగాడు.
5.30 సున్నా, సున్నా. మిగతా అరవై రెండు మందీ హాయిగా ఉన్నారు. ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను.
“మరి మా అమ్మాయి మార్కులో?” అన్నాను.
ఆయన ఫోను అందుకున్నారు. “పిల్ల చదువు కోసం ఒక్కటి పెడతానండీ. మీరేం అనుకోకండి.”
“పెట్టండి, తప్పేముంది” అన్నాను.
6.15 అవతల 19. ఇవతల 27.
రేపు మళ్ళీ మొదటి రోజు.