అద్దంలో లేని చారలు

ప్రియమైన అన్నయ్యకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఇంటికొస్తే నిద్రపోతున్నావని వదిన గుమ్మంలోంచే పంపేస్తుంది. పట్టపగలు నిద్రపోయే మనిషివి ఎప్పుడయ్యావు? అందుకే ఈ ఉత్తరం. చింపెయ్యకుండా చివరిదాకా చదువు.

నీ అద్దంలో తప్పు లేదు. తప్పు నా కెమెరాది.

నీకు తెలియని సంగతేం కాదు, అయినా నిన్న మేనేజరుకు చెప్పినట్టే చెబుతాను. నువ్వు పాలిష్ పట్టిన టెలిస్కోపు అద్దం మీద లేజర్ వెలుగు వేస్తాం. దాని మీంచి తిరిగొచ్చిన వెలుగూ, మన నమూనా గాజు నుంచి వచ్చిన వెలుగూ కలిసి కెమెరా సెన్సర్ మీద నల్లగా తెల్లగా చారలు పడతాయి. చారలు నేరుగా ఉంటే అద్దం బాగున్నట్టు, వంకరపోతే ఎక్కడో ఎత్తుపల్లం ఉన్నట్టు. ఆ సెన్సర్ మీద దుమ్ము పడకుండా పల్చటి గాజు మూత ఉంటుంది. లేజర్ వెలుగు ఆ మూతలోనే అటూ ఇటూ కొట్టుకుని సొంత చారలు పుట్టిస్తుంది. అందుకే మన దగ్గర ఏ కెమెరా వచ్చినా ముందు మూత ఊడదీసి గానీ బల్ల మీద పెట్టం. కొత్తదానికి మాత్రం గ్యారంటీ పోతుందని మేనేజరు ముట్టుకోనివ్వలేదు. "ఖరీదైన సరుకమ్మా, దీనికి అవన్నీ అక్కర్లేదు" అన్నాడు. నేనూ తలూపాను. దాని ముందు మొట్టమొదట పెట్టింది నీ అద్దమే.

నిన్న వేరే అద్దం పెడితే అవే వంకర చారలు, అదే చోట. గ్యారంటీ గంగలో కలిసినా సరేనని మూత ఊడదీసి, నీ అద్దం మళ్ళీ పెట్టాను. దువ్విన జుట్టులా ఉన్నాయి చారలు. ఇంత మంచి అద్దం నా చేతుల్లోకి ఎప్పుడూ రాలేదు.

అందరి ముందూ నీ పని పాడైందని చెప్పింది నేను. నువ్వు ఏప్రన్ విప్పి మేకుకు తగిలించి వెళ్ళిపోయావు. అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదు. కోపముంటే వచ్చి తిట్టు. నీ బల్ల ఎవరికీ ఇవ్వనివ్వలేదు. సోమవారం వస్తావు కదూ?

నీ
గడుగ్గాయి


గడుగ్గాయికి,

చేతిరాత చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మీ వదిన రాస్తోంది. మధ్యలో తన మాటలు దూర్చేస్తుందేమో, కాస్త కనిపెట్టి చదువుకో. (నాకంత తీరిక లేదు. వదిన.)

ఆ చారలు కెమెరావని నాకు ఆ రోజే తెలుసు. నువ్వు మేనేజరును పిలవడానికి వెళ్ళినప్పుడు అద్దాన్ని కాస్త తిప్పి చూశాను. తప్పు అద్దానిదైతే అద్దంతోపాటే తిరగాలి. ఆ వంకర చారలు ఉన్నచోటే ఉన్నాయి. మళ్ళీ ఎప్పట్లా పెట్టేసి నోరు మూసుకున్నాను.

ఎందుకంటావా? చలికాలం నుంచీ నా వేళ్ళకు స్పర్శ పోతోంది. నరాల జబ్బు, పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఇప్పుడు కలం కూడా జారిపోతోంది. పాలిష్ దిమ్మ అద్దం మీద ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ జారుతోందో చేతికే తెలియాలి. నాకు తెలియడం మానేసింది. ఆడలేక మద్దెల ఓడంటారు. మన దగ్గర మద్దెలా ఓడే, నేనూ ఆడలేను.

ఇకమీదట ప్రతి అద్దమూ కిందటిదానికంటే కాస్త పాడై నీ ముందుకొస్తుంది. నువ్వు కొలుస్తావు. దాచడం నీకు చేతకాదు. నా చెయ్యి ఎంతెంత చచ్చిందో నా చెల్లెలే కూర్చుని లెక్క చెప్పాలా? ఒక్క అద్దం పాడుచేసినవాడిగా పోతే చాలనుకున్నాను. నువ్వు ఇంత కుమిలిపోతావని తోచలేదు తల్లీ. నీ మీద కోపం ఏ కోశానా లేదు. అన్నం తిను.

సోమవారం రాను. బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యి, పని నేర్చుకుంటారు.

ఒక్క సంగతి చెప్పాలి. పాలిష్ అయ్యాక ఆ అద్దం నా బల్ల మీంచి దించేటప్పుడు అది కుదిరిందో లేదో నాకు తెలియలేదు. కెమెరా చారల కింద దాని అసలు రూపం కూడా కనబడలేదు. ఇన్నేళ్ళ పనిలో అలా ఎప్పుడూ జరగలేదు. ఇంటికొచ్చాక కూడా రోజూ అదే ఆలోచన, నిజంగానే పాడుచేశానేమోనని. అది బాగుందని నువ్వు రాశావు. చదివాను. వేరే గొంతులో వినాలనిపించి మీ వదినను పైకి చదవమన్నాను. ఏడుస్తూనే చదివింది. రేపు కూడా చదవమంటాను.

మీ అన్నయ్య