తడిబట్టల ప్రమాణం

ఆఫీసరు గారికి,

అరసికెరె నుంచి, కాలం చేసిన ఓబన్న భార్యను రాస్తున్నాను.

మా ఆయన చేను నా పేరుకు మారాలంటే ముందు పౌరసత్వం తెచ్చుకోవాలన్నారు. నేను పుట్టింది రంగూన్‌లో. అక్కడ ఉండొద్దని పంపేస్తే, చిన్నపిల్లగా అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చాను. ఇప్పుడు ఈ దేశానికి కట్టుబడి ఉంటానని సోమవారం మీ ముందు ప్రమాణం చేయాలట.

నిన్న మీ గుమాస్తా నలుగురిలో అడిగాడు: "బర్మాకూ మనకూ యుద్ధమొస్తే నువ్వు యాపక్క నిలబడతావమ్మా?"

"నిలబడేకి నాకు ఆ చేను తప్ప ఇంక యాడుండాదప్పా?" అన్నాను. నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. వానలు మొహం చాటేసి, శనక్కాయ విత్తనం కూడా చేతికి రాకపోతే, ఇక్కడే పుట్టినవాళ్లు ఇళ్లకు తాళాలేసి బెంగళూరు పోయారు. నేను పోలేదు. వాళ్లనెవరూ ఏ పక్క నిలబడతారని అడగలేదు.

మా ఊళ్లో దొంగతనం అనుమానం ఉన్నవాళ్లకే ప్రమాణం పెడతారు. అయినా చేస్తాను. కానీ దానికొక పద్ధతి ఉంది. చేసేవాళ్లతో పాటు చేయించేవాళ్లూ ఒక్కపొద్దుండి, తడిబట్టలతో అదే దీపం ముందు నిలబడాలి. పోయినేడు కోడి పోయిందని పక్కింటి రంగక్క నా చేత ప్రమాణం చేయించింది. నేను తీయలేదని చెప్పాక, ఇంకెన్నడూ నన్ను అనుమానించనని ఆమె కూడా దీపం మీద చెయ్యి పెట్టి చెప్పింది.

సోమవారం నేను ఒక్కపొద్దుతో వస్తాను. మీరూ ఏమీ తినకుండా రండి. ఈ దేశాన్ని విడిచిపోనని నేను చెబుతాను. నన్ను మళ్లీ ఓడ ఎక్కించబోమని దేశం తరఫున మీరు చెప్పండి.