వంక పక్క చేను

అనంతపురం కోర్టు రోడ్డులో అద్దె గదిలో ఉంటున్న, కీర్తిశేషులు నారాయణ గారి కూతురు, న్యాయవాది చంద్రిక అనే నేను, నా ముప్పై ఒకటో ఏట, సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఒంటి గురించి అలా చెప్పలేను. ఇక రానక్కరలేదని బెంగళూరు డాక్టరు మర్యాదగానే చెప్పారు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మా అమ్మ ఇంద్రాణి వాకిట్లో కూచుని వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. నేనేం రాస్తున్నానో ఆమెకు తెలుసు. చదివి వినిపిస్తానంటే వద్దంది. ఇంతకుముందు నేను వీలునామా ఏదీ రాయలేదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు, న్యాయవాది కృపాకుమారికి అప్పగిస్తున్నాను. కాన్వెంటులో ఆరో తరగతి నుంచి మాది ఒకే బెంచీ. కోర్టులో నా గొంతు ముందు వరస దాటదు. ఆమెది వరండా దాటి చెట్టు కింద టీ తాగేవాళ్లకు కూడా వినబడుతుంది. "నువ్వు రాయమ్మే, నేను అరుస్తా" అనేది. అద్దకపు రంగునీళ్ల కేసు, ఇసుక కేసు, నేతగాళ్ల ఇళ్లమీద సోలార్ పలకల కేసు అన్నీ అలాగే నడిపాం. ఇక రెండు పనులూ ఆమే చేసుకోవాలి. నా చట్టం పుస్తకాలు ఆమెవి.

2. కంబదూరు మండలం ఎర్రబండపల్లిలో, మా నాయన భాగం నుంచి నాకు వచ్చిన రెండెకరాల మెట్ట చేను. ఈ కాగితం రాస్తున్నది ముఖ్యంగా దీని కోసమే.

ఆ చేను పక్కనే వంక ఉంది. గుట్టమీద కురిసిన వాన ఆ వంక గుండానే చెరువుకు చేరాలి. మూడేళ్ల కిందట సోలార్ కంపెనీవాళ్లు చుట్టుపక్కల పొలాలన్నీ కౌలుకు తీసుకుని, వంకకు అడ్డంగా గోడ కట్టి, దాని లోపల పలకలు నాటారు. నేను సోలారుకు వ్యతిరేకినని ఊళ్లో చాలామంది అనుకుంటున్నారు. కాదు. ఈ సీమలో ఏటా తప్పకుండా పండేది ఎండ ఒక్కటే, దాన్ని వాడుకోవాలని నేనే ఊరూరా తిరిగి చెప్పాను. నేను అడిగింది, వంకలో ఉన్న పలకలను గట్టుమీదికి మార్చి గోడ తీసేయమని. చెన్నైలో హరిత ట్రిబ్యునల్ ముందున్న ఆ దరఖాస్తు నా పేరు మీద ఉంది. వంక పక్కన కౌలుకు పోకుండా మిగిలిన చేను నాదొక్కటే. నా తర్వాత అది కంపెనీ చేతికి పోతే, గోడ తీయమని అడగడానికి అక్కడ భూమి ఉన్న మనిషంటూ ఎవరూ ఉండరు.

గోడ కట్టకముందు నలుగురు అధికారులు జీపులో వచ్చి, ఈ వంకలో నీళ్లు పారతాయా అని అడిగారు. మా ఊరికి జీపులో వచ్చి నీళ్ల గురించి అడిగినవాళ్లు అంతవరకూ కరువు లెక్క రాసుకునేవాళ్లే. వాళ్లకు చెప్పాల్సిన జవాబు మా ఊళ్లో పిల్లలకు కూడా వచ్చు. గొర్రెలు కాసే తిమ్మక్క అందరికంటే ముందుకు వచ్చింది.

"యాడివి సారూ నీళ్లు? మా పెండ్లినాడు చెరువు నిండి మరవ పారింది. మళ్లా పారింది చూసింటే నా కండ్లు పోవల్ల!"

"మనుషులు తాగేదానికే లేవు, వంకకు యాడనుంచి వస్తాయప్పా" అన్నారు వెనకున్నవాళ్లు. అధికారులు రాసుకున్నారు. ఊరివాళ్లు కరువు పరిహారం వస్తుందని ఎదురుచూశారు. గోడ వచ్చింది.

పోయిన ఏడాది అక్టోబరులో గుట్టమీద గట్టి వాన పడింది. వంక గోడకు తగిలి, పక్కకు తిరిగి, దిగువ వీధిలోకి వచ్చింది. తెల్లవారేసరికి తిమ్మక్క దొడ్డిలో ఒక్క గొర్రె మిగల్లేదు. ఆ వీధిలో పసిపిల్లలున్న ఇళ్లున్నాయి. ఇంకోసారి వస్తే గొర్రెలతో ఆగదు. ట్రిబ్యునల్లో కంపెనీ వకీలు లేచి, వంకలో నీళ్లు పారవని ఊరివాళ్లే చెప్పారని చదివి వినిపించాడు. ఆయన అబద్ధం చదవలేదు.

ఆ చేనును పూర్తి హక్కులతో తిమ్మక్కకు ఇస్తున్నాను. నా దరఖాస్తును ఆమె తన పేరున కొనసాగించాలి. ఈ సంగతి చెబితే ఆమె నా మంచం దగ్గర నేలమీద కూచుని తల అడ్డంగా ఊపింది. "నాకొద్దు పాపా. నా నోరే గదా ఊరిని ముంచింది. ఇంగెవురికన్నా ఇయ్యి." ఇంకెవరికీ ఇవ్వను. చేను అమ్మకూడదని షరతు పెడితే చట్టం ముందు నిలవదని నాకు తెలుసు. కాబట్టి ఇది షరతు కాదు. అమ్మవద్దని బతిమాలుకుంటున్నాను.

3. మా అన్న అభిలాష్‌కు ఆ చేనులో భాగం లేదు. పలకలు కడగడానికి కంపెనీకి నీళ్ల ట్యాంకర్లు తోలే కాంట్రాక్టు ఆయనది. "కరెంటు కావల్లని నువ్వే చెప్తివి, ఇప్పుడు గోడ తీయమని నువ్వే అంటాండావు. నా నోటికాడి కూడు తీస్తావా?" అన్నాడు. పోయిన నెల మళ్లీ వచ్చాడు. "రాసిచ్చెయ్యమ్మే. నువ్వు పోయినాక ఎట్లా నాకే గదా వచ్చేది." ఆ మాట అన్నాక బయటికి పోయి, బండి తీయకుండా చాలాసేపు నిలబడ్డాడు. కిటికీలోంచి చూశాను. పిలవాలనుకున్నాను, నా గొంతు అంతదూరం పోదు. అన్నకు నాయన గొడుగు ఇస్తున్నాను. వానకంటే ఎండకే ఎక్కువ విప్పిన గొడుగు. బడినుంచి వచ్చేటప్పుడు దాని కింద నన్ను నీడవైపు నడిపించినవాడు మా అన్నే. దాని గురించి నాకు ఏ తగాదా లేదు.

4. నా కథల పుస్తకాలు కాన్వెంటు లైబ్రరీకి. సిస్టర్లు నాకు నెమ్మదిగా మాట్లాడమని నేర్పారు. వకీలుకు అది పనికిరాదని వాళ్లకు తెలిసే అవకాశం లేదు.

5. మా అమ్మకు నా కమ్మలు, నేను చదువుకునే సోలార్ దీపం. నేను చదువుతున్నంతసేపూ ఆర్పమని ఒక్కసారీ అనకుండా కొంగు ముఖం మీద కప్పుకుని పడుకునేది. అమ్మా, ఇక ఆర్పేసుకోవచ్చు.

6. నాకు సమాధి కట్టవద్దు. బూడిద వంకలో కలపవద్దు. దిగువన ఆ నీళ్లు తాగేవాళ్లున్నారు.

7. ఇది ఆస్తి కాదు, అయినా రాస్తున్నాను. వంకను చూడటానికి మళ్లీ మనుషుల్ని పంపుతామని ట్రిబ్యునల్ చెప్పింది. వాళ్లు వచ్చే రోజుకు నేను ఉండను. వాళ్లూ జీపులోనే వస్తారు, అదే మాట అడుగుతారు. తిమ్మక్కా, నువ్వు నీ చేనులో నిలబడి, వానపడితే ఈ వంక వస్తుందని, పోయిన ఏడాది వచ్చిందని చెప్పు. ఆ మాట చెబితే వచ్చే కరువు లెక్కలో మన ఊరి పేరు కొట్టేస్తారని నీకూ ఊరికీ భయం. కొట్టేయరని నేను మాట ఇవ్వలేను. కొట్టేసినా సరే, చెప్పండి.

పై విషయాలన్నీ నేనే రాసి, మళ్లీ చదువుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

అనంతపురం,
2025 నవంబరు పద్నాలుగు, శుక్రవారం.

(సంతకం) ఎన్. చంద్రిక

ఆమె మా కళ్లెదుట సంతకం చేసింది. ఆమె ఎదుట మేమూ చేశాం.

సాక్షులు:
1. గురప్ప, కోర్టు గుమాస్తా, అనంతపురం
2. సునంద, నర్సు, అనంతపురం