నెమలికంఠం రంగు పిడి

రంగులమ్మాయికి,

నేను బాగున్నాను. పగలు లిఫ్టులు బాగుచేయడం, ఇంటికొచ్చి ఆ రోజు ఖర్చు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదని నీకు తెలుసు. అయినా ఈ సంగతి నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

నిన్న కత్తులు సేకరించేవాళ్ళ ప్రదర్శనకి వెళ్ళాను. ఎప్పటిలాగే అన్నీ మధ్యయుగాల కత్తులకు నకళ్ళే, పదును లేనివే. నావి రెండు పెట్టాను. నువ్వు పిడికి ఇటుకరంగు తోలు వేసింది ఒకటి, నల్లతోలు వేసింది ఒకటి. జనం బాగానే చూశారు. తర్వాత కళ్ళద్దాల షాపాయన బల్ల దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఒక సన్నటి కత్తి. దాని పిడి నెమలికంఠం రంగు. ఇటునుంచి చూస్తే నీలం, అటు తిరిగితే పచ్చ. నాలుగేళ్ళుగా నేను నిన్ను అడుగుతున్న రంగు. "తోలు మీద అది పట్టదండీ, వదిలేయండి" అని నువ్వు చెబుతున్న రంగు.

వంగి చూశాను. తోలు కింద చుట్టిన దారం గీతలు పైకి తేలతాయి కదా, అవి ఎడమవైపుకి ఎక్కుతున్నాయి. మన గోడ మీది ప్రతి పిడికీ అదే వాటం. నీ ఎడమచేతి వాటం.

"ఎలా ఉంది గురువుగారూ?" అన్నాడాయన.

"ఎవరు చేశారు?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నారండీ. చెబితే నా కళ్ళద్దాలే విరగ్గొడతారట!" అని పకపకా నవ్వాడు. "పట్టుకు చూడండి, మొహమాటమెందుకు?"

నేను జేబుల్లోంచి చేతులు తీయలేదు.

మన ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన నిన్ను నవ్వించేవాడు. నేను స్క్రూలు వెతికే నెపంతో పక్కగదిలోకి పోయేవాడిని. నాకు మాటలు రావు, నవ్వించేవాళ్ళు నవ్విస్తారు, పోనీలే అనుకునేవాడిని. నవ్వు ఇస్తే ఇచ్చావు. ఆ రంగు మాత్రం ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆదివారం పాతసామాన్ల వ్యాపారిని రమ్మన్నాను. కత్తులన్నీ ఇచ్చేస్తాను. ప్రతిదాని మీదా నీ చెయ్యే ఉంది, చూస్తూ కూర్చోలేను. ఆ నాటక కంపెనీలో నీ పని పూర్తయ్యాక ఇక్కడికే వస్తావో, అక్కడే ఉండిపోతావో నీ ఇష్టం.

ఇట్లు,
నువ్వు పేరుపెట్టిన మూగనోము


మా మూగనోముగారికి,

మీ ఉత్తరం రంగుల గదిలో నిలబడే చదివాను. నా చేతి రంగు ఈ కాగితానికీ అంటింది, ఏమనుకోకండి. ముందు ఆ వ్యాపారిని రావద్దనండి. తర్వాత తీరిగ్గా కుళ్ళుకుందురుగాని.

ఆ కత్తి ఆయనది కాదు, నాది. ఈ నాటక కంపెనీవాళ్ళు ఇచ్చిన మొదటి జీతంతో కొన్నాను. మీ అందరికీ కత్తులు తెప్పించిపెట్టేది ఆయనే కదా, మరెవరిని అడగను? మన వంటింటి గిన్నెల్లో ఆ రంగు నిజంగానే పట్టలేదు. ఇక్కడ దుస్తులకు రంగులద్దే పెద్ద కాగుల్లో ముంచి ముంచి తీస్తే పట్టింది. తోలు చుట్టిన పిడి పంపిస్తే ఆయన కత్తికి బిగించాడు. దాన్ని ప్రదర్శనకెక్కించడం మాత్రం ఆయన సొంత తెలివి. ఆ తిట్లు నేను తిడతాను.

మీకెందుకు చెప్పలేదంటే, మీ పిడులన్నిటికీ రంగు వేసింది నేను. ఆరీ ఆరకముందే నా చేతిలోంచి లాక్కుని "జాగ్రత్త, వేళ్ళు తెగుతాయి" అంటారు. పదునే లేని కత్తికి! ఒక్కసారైనా "నువ్వు పట్టుకో, చూద్దాం" అన్నారా? మీ స్నేహితులంతా వాటిని ఎత్తి తిప్పుతుంటే, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నాకు ఎంత కుళ్ళుగా ఉండేదో! నాకూ ఒకటి కావాలని అడగడానికి సిగ్గేసింది. దాన్ని తెచ్చి, మిమ్మల్ని అడక్కుండా గోడకి తగిలించి, మీ మొహం చూద్దామనుకున్నాను. అంతా చెడగొట్టారు.

ఇంతకీ పట్టుకోకుండానే వచ్చేశారా? పట్టుకుని ఉంటే ఆ ఉత్తరం రాసేవారు కాదు.

మీ ఆవిడ


రంగులమ్మాయికి,

వ్యాపారిని గుమ్మంలోంచే పంపేశాను. నాలుగు మాటలన్నాడు, పడ్డాను. అటునుంచటే కళ్ళద్దాల షాపుకి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే "ఉత్తరం మీకూ వచ్చిందా? నాకొచ్చిన దాన్నిండా తిట్లే" అన్నాడు. నవ్వొచ్చింది. ఆయన నన్ను నవ్వించడం అదే మొదటిసారి.

పిడి చుట్టూ చెయ్యి మూశాను. చిటికెనవేలు బయటే ఉండిపోయింది, ఉంగరం వేలు సగమే పట్టింది. అది నా చేతికి చేసింది కాదు, ఆయన చేతికి అసలే కాదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఉన్నా నీ పిడికిలి ఎంతో అప్పుడే తెలిసింది.

కత్తి ఇంటికి తెచ్చాను. తగిలించేది నువ్వు కాబట్టి తగిలించలేదు. గోడ మధ్యలో మేకులు మాత్రం కొట్టి ఉంచాను. నా కత్తుల పిడులన్నీ కుడివైపుకి ఉంటాయి. ఈ మేకుల మీద పెడితే పిడి నీ ఎడమచేతికి అందుతుంది.

కుళ్ళు పోయిందనుకోకు. అంత మంచి రంగు నువ్వు ఉంచుకుని నాకు ఇటుకరంగు అంటగట్టావు. ఇప్పుడు నిన్ను తలుచుకునే కుళ్ళుకుంటున్నాను. కత్తిని తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టాను. రోజూ విప్పి చూస్తున్నాను. మళ్ళీ పట్టుకోవడం మాత్రం నువ్వొచ్చి నా చేతికిస్తేనే. అప్పుడు కావాలంటే నువ్వను, "జాగ్రత్త, వేళ్ళు తెగుతాయి" అని.

ఇట్లు,
నీ మూగనోము