నీ దండ చేసిన పని

ఒరేయ్ పాపారావూ,

ఇవాళ నీ సంవత్సరీకం. ఈమధ్యే ఫిల్మ్‌నగర్‌లో మన ఆఫీసుకి సినిమా టైటిల్స్ వేసే కొత్త కంప్యూటర్ వచ్చింది. నీకు టెలిఫోన్ డయల్ తిప్పడమే చేతకాదు, అది వేరే కథ. బతికున్నన్నాళ్ళూ నువ్వు తీసిన సినిమాలకి నా బ్రష్షుతో ఊరందరి పేర్లూ రాయించి, ఆఖర్న నా పేరు చెరిపించేవాడివి. ఇకనైనా నా పేరు పడుతుందనుకున్నాను. తీరా నా పేరు దాకా వచ్చేసరికి కంప్యూటర్ ఆరిపోయి, మళ్ళీ మొదటికొచ్చేది.

మెకానిక్ యాదగిరి ర్యామ్ మార్చాడు, పవర్ సప్లై మార్చాడు. "ఇంకేం మార్చాలె సార్? జర దిష్టి తీయుండ్రి" అన్నాడు.

కంప్యూటర్ డబ్బా వెనక్కి వెళ్ళి చూశాను. మన దగ్గర ఏ కొత్త మిషనొచ్చినా ముందు నీ ఫొటో దాని నెత్తినెక్కుతుందిగా. నీ బంతిపూల దండ వెనక్కి జారి ఫ్యానులో చిక్కుకుంది. గాలాడక వేడెక్కి, మాటిమాటికీ ఆగిపోతోంది. చచ్చి కూడా నా పేరుకి అడ్డమేనట్రా!

"నాన్నగారి దండ తీయకూడదు బాబాయ్, అరిష్టం" అన్నాడు నీ కొడుకు.

"తీయన్లేరా" అని, దండతో సహా నిన్ను బాత్రూం పక్క గోడకి తగిలించాను.

ఆ తర్వాత అది ఒక్కసారీ ఆగలేదు. నా పేరు తెర నిండా పరిచాను. నీకు అంకితమిచ్చే కార్డు మాత్రం రెప్పపాటులో మాయమయ్యేలా పెట్టాను. హాల్లో ఎవరూ చదవలేరు. నేనొక్కణ్ణే రెప్ప వేయకుండా కూర్చుంటాను.